కాకీక కాకికి కాక కేకికా: 504 బిట్లను 49కి దించడం ఎలా

ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. కంప్యూటర్ పని తర్వాత.

"కాకీక కాకికి కాక కేకికా" అని చిన్నప్పుడు నోరు తిరగడానికి అందరం అన్నదే, కాకి ఈక కాకికి కాకపోతే నెమలికా అని అర్థం. ఈ ఒక్క ముక్కని ఫోన్‌లో టైప్ చేసి మామూలుగా, అంటే యూటీఎఫ్-8లో, సేవ్ చేస్తే 63 బైట్లు తీసుకుంటుంది. బైటుకి ఎనిమిది చొప్పున 504 బిట్లు, అంటే 504 సున్నాలూ ఒకట్లూ. దీన్నే 49 బిట్లలో పెట్టొచ్చు, మళ్లీ విప్పితే దీర్ఘం దీర్ఘంలాగే, గుడి గుడిలాగే వస్తుంది. ఫోటోలో నాలుగు చుక్కలు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు గానీ బ్యాంకు లెక్కల ఫైల్లో 7 కాస్తా 1 అయితే ఊరుకుంటారా? పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలి, దాన్నే లాస్‌లెస్ కంప్రెషన్ అంటారు. ఈ రోజు చేసేది అందులో బాగా పాతదీ, ఇప్పటికీ మీ ఫోన్‌లో రోజూ పని చేస్తున్నదీ అయిన హఫ్‌మన్ కోడింగ్.

ఆలోచన చాలా చిన్నది. ఎక్కువసార్లు వచ్చే గుర్తుకి చిన్న కోడ్, ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి పెద్ద కోడ్. ఇది వినగానే అందరూ చేసే తప్పు ఒకటుంది, అదేంటో చూసి ముందుకు వెళ్దాం. క ఎక్కువసార్లు వస్తుంది కదా, దానికి 0 ఇచ్చేద్దాం, దీర్ఘానికి 1, గుడికి 01 అనుకుందాం. అప్పుడు "కాకి" అంటే క, దీర్ఘం, క, గుడి, కాబట్టి 01001. బాగానే ఉంది. ఇప్పుడు దీన్ని మీ ఫ్రెండ్‌కి ఇచ్చి చదవమనండి. 0, 1, 0, 0, 1 అని విడివిడిగా చదివితే "కాకకా" అవుతుంది, అదీ తప్పు కాదు. కాకి ఎక్కడ, కాకకా ఎక్కడ?

టెలిగ్రాంలో చుక్కలూ గీతలతో పంపే మోర్స్ కోడ్‌లోనూ ఇదే ఇబ్బంది ఉంది. అందుకే అందులో అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత సేపు ఆగాలి. ఆ ఆగడం కూడా లెక్కకి ఇంకో గుర్తే. ఫైల్లో మనకి ఉన్నవి 0, 1 మాత్రమే, ఆగడానికి చోటు లేదు. కాబట్టి ఏ కోడూ ఇంకో కోడ్‌కి మొదటి భాగం కాకుండా చూసుకోవాలి. పైన 0 అనేది 01కి మొదటి భాగం అయి కూర్చుంది, గొడవంతా అక్కడే. ఈ నియమం పాటించే కోడ్లని ప్రిఫిక్స్-ఫ్రీ అంటారు.

పేరు కొత్తగా ఉన్నా ఇది మనకి తెలిసిన విషయమే. ల్యాండ్‌లైన్ ఎస్‌టీడీ కోడ్లు గుర్తున్నాయా? ముందు సున్నా తీసేస్తే హైదరాబాద్ 40, విజయవాడ 866, విశాఖ 891, ఏలూరు 8812. 40తో మొదలయ్యే కోడ్ ఇంకే ఊరికీ లేదు, 866తో మొదలయ్యేది కూడా అంతే. అందుకే కోడ్‌కీ నంబర్‌కీ మధ్య గీత పెట్టకపోయినా కాల్ సరైన ఊరికే వెళ్తుంది. ఇంకో సంగతి చూడండి. మొత్తం అంకెలు పదే. హైదరాబాద్‌కి కోడ్ రెండంకెలు కాబట్టి ఊళ్లో నంబర్‌కి ఎనిమిది మిగిలాయి, విజయవాడకి ఏడు, ఏలూరుకి ఆరు. అంటే 40 అనే చిన్న కోడ్ ఇచ్చినందుకు మొత్తం పదంకెల నంబర్లలో నూరో వంతు హైదరాబాద్‌కి రాసిచ్చేసినట్టు. విజయవాడకి వెయ్యో వంతు, ఏలూరుకి పదివేలో వంతు. చిన్న కోడ్ అంటే మెయిన్ రోడ్డు మీద స్థలం లాంటిది, ఖరీదెక్కువ, అందరికీ ఇవ్వడం కుదరదు.

బిట్లలోనూ ఇదే లెక్క, పదికి బదులు రెండు. ఒక బిట్ కోడ్ ఇస్తే సగం స్థలం పోయింది, రెండు బిట్లయితే పావు, మూడు బిట్లయితే ఎనిమిదో వంతు. అన్నీ కూడితే 1 దాటకూడదు. దాటలేదా, ఆ పొడవులతో ప్రిఫిక్స్-ఫ్రీ కోడ్లు ఖాయంగా కుదురుతాయి. లియాన్ క్రాఫ్ట్ 1949లో ఎంఐటీలో మాస్టర్స్ థీసిస్‌లో తేల్చిన విషయం ఇది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ప్రోగ్రాంలో తప్పు ఉందో లేదో చూసుకోడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

సరే, ఇప్పుడు పని. ముందు లెక్కపెట్టాలి. కంప్యూటర్ దృష్టిలో "కా" ఒక అక్షరం కాదు, క ఒకటి, దీర్ఘం ఒకటి, రెండు గుర్తులు. తలకట్టుకి విడిగా గుర్తు లేదు, అది క లోనే ఉంది. ఆ ప్రకారం మన వాక్యంలో:

క – 11
దీర్ఘం – 4
గుడి – 3
ఖాళీ – 3
గుడిదీర్ఘం – 1
ఏత్వం – 1

మొత్తం 23. నా మాట నమ్మకుండా మీరే ఒకసారి లెక్కపెట్టండి, ఇక్కడ ఒకటి తప్పితే కిందంతా తప్పుతుంది.

కాగితం చింపి ఆరు చీటీలు చేయండి. ఒక్కో చీటీ మీద గుర్తు, దాని లెక్క రాయండి. ఇక చేయాల్సింది ఒకటే పని, మళ్లీ మళ్లీ: ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న లెక్క ఉన్న రెండు చీటీలు తీసి పిన్ను కొట్టండి, పైన కొత్త చీటీ పెట్టి రెండిటి మొత్తం రాయండి, ఆ కట్టని మళ్లీ మిగతావాటిలో పడేయండి.

మొదట గుడిదీర్ఘం 1, ఏత్వం 1, కలిపితే 2. ఇప్పుడు బల్ల మీద 11, 4, 3, 3, 2 ఉన్నాయి. చిన్నవి 2, ఒక 3. గుడి తీసుకోవాలా ఖాళీ తీసుకోవాలా అని టెన్షన్ పడొద్దు, ఏది తీసుకున్నా మొత్తం ఒకటే వస్తుంది. నేను గుడి తీసుకున్నాను, 5 అయింది. మిగిలినవి 11, 5, 4, 3. ఖాళీ 3, దీర్ఘం 4 కలిపితే 7. మిగిలినవి 11, 7, 5. ఐదూ ఏడూ పన్నెండు. చివరికి 12, 11 కలిస్తే 23, అన్నీ ఒకే కట్ట. మన పదకొండు కకారాల చీటీ చివరిదాకా ఒక పక్కన కూర్చుని, ఆఖరి పిన్నులో మాత్రమే చేరింది చూశారా, దానికి ఒక్క బిట్ రావడానికి కారణం అదే.

ఎందుకంటే ఒక చీటీకి పైన ఎన్ని పిన్నులు పడ్డాయో దాని కోడ్ అన్ని బిట్లు. క కి 1. దీర్ఘం, ఖాళీ, గుడి మూడిటికీ 3. గుడిదీర్ఘం, ఏత్వం 4. మొత్తం ఎన్ని బిట్లు పడుతుందో తెలుసుకోడానికి విడిగా గుణించక్కర్లేదు, కలిపినప్పుడల్లా రాసిన మొత్తాలు కూడండి: 2, 5, 7, 12, 23, వెరసి 49. పిన్ను కొట్టిన ప్రతిసారీ ఆ కట్టలో ఉన్న ప్రతి గుర్తుకీ ఒక్కో బిట్ పెరుగుతుంది కాబట్టి ఈ కిటుకు పని చేస్తుంది. క్రాఫ్ట్ లెక్క కూడా చూద్దాం: సగం, మూడు ఎనిమిదో వంతులు, రెండు పదహారో వంతులు. సరిగ్గా 1. స్థలం ఒక్క అంగుళం కూడా వృథా పోలేదు.

ఈ పద్ధతి పుట్టిన కథ చెప్పకుండా ఉండలేను. 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో క్లాసులో ఆఖరి పరీక్ష రాస్తారా, దానికి బదులు ఒక పేపర్ రాసిస్తారా అని పిల్లలకే వదిలేశారు. డేవిడ్ హఫ్‌మన్ పరీక్ష తప్పించుకుందామని పేపర్ వైపు వెళ్లాడు. అత్యుత్తమమైన కోడ్ ఎలా కట్టాలన్నది సమస్య, అయితే ఆ సమస్య అప్పటికి ఫానోకీ, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్‌కీ కూడా పూర్తిగా తేలలేదని మాత్రం ఫానో చెప్పలేదు. ఫానో పద్ధతి పైనుంచి కిందకి: లెక్కల జాబితాని వీలైనంత సమానమైన రెండు ముక్కలుగా కోయడం, మళ్లీ ఒక్కో ముక్కని కోయడం. చాలాసార్లు అది బాగానే వస్తుంది, మన కాకి వాక్యానికి కూడా అలా చేసినా 49 బిట్లే వస్తాయి, కానీ ప్రతిసారీ అలా కుదరదు. హఫ్‌మన్ నెలల తరబడి కుస్తీ పట్టి, ఇక లాభం లేదు పరీక్షకే చదువుకుందాం అనుకుంటున్న సమయంలో కింద నుంచి పైకి కట్టాలని తట్టింది. 1952లో అచ్చయింది. మనం పిన్నులు కొట్టింది అదే.

ఇక కోడ్లు రాయాలి. మామూలుగా పుస్తకాల్లో మన పిన్నుల కట్టనే కొమ్మల బొమ్మగా, అంటే ట్రీగా గీసి, ఎడమ కొమ్మకి 0, కుడికి 1 అని చదవమంటారు. తప్పు కాదు గానీ నా సలహా, ట్రీని పొడవులు తెలుసుకోడానికి మాత్రమే వాడి పక్కన పడేయండి. పొడవులు తెలిస్తే చాలు, కోడ్లు ఒక పద్ధతి ప్రకారం పంచేయొచ్చు. చిన్న పొడవు నుంచి మొదలుపెట్టండి, ఒకే పొడవున్నవాటిని యూనికోడ్ వరసలో (కంప్యూటర్‌లో గుర్తులకి ఇచ్చిన నంబర్ల వరస) పెట్టండి, మొదటిదానికి అన్నీ సున్నాలు ఇవ్వండి, తర్వాతిదానికి ఒకటి కలపండి, పొడవు పెరిగినప్పుడల్లా, ఒకటి కలిపాక, ఎన్ని బిట్లు పెరిగిందో అన్ని సున్నాలు వెనకాల తగిలించండి. ఇలా వస్తుంది:

క – 0
ఖాళీ – 100
దీర్ఘం – 101
గుడి – 110
గుడిదీర్ఘం – 1110
ఏత్వం – 1111

దీన్ని కెనానికల్ హఫ్‌మన్ అంటారు. లాభం ఏంటంటే అవతలివాడికి మొత్తం ట్రీ పంపక్కర్లేదు, ఏ గుర్తుకి ఎంత పొడవో చెబితే ఈ పట్టిక వాడే కట్టుకుంటాడు. జిప్ ఫైళ్ల లోపల ఉండే డిఫ్లేట్ అనే పద్ధతి కూడా పొడవులే పంపుతుంది, పైగా ఆ పొడవుల జాబితాని మళ్లీ ఇంకో హఫ్‌మన్ కోడ్‌తో కుదిస్తుంది, అంత పిసినారితనం.

ఇప్పుడు వాక్యం రాసేద్దాం. కాకీక అంటే 0 101 0 1110 0. ఖాళీ 100. కాకికి అంటే 0 101 0 110 0 110. మళ్లీ 100. కాక 0 101 0. మళ్లీ 100. కేకికా 0 1111 0 110 0 101. అన్నీ అతికించి ఎనిమిదేసి చొప్పున విడగొడితే:

01010111 00100010 10110011 01000101 01000111 10110010 1

ఆరు బైట్లు నిండాయి, ఒక్క బిట్ మిగిలింది. ఫైల్లో ఒక్క బిట్ రాయలేం కదా, ఏడో బైటు తీసుకుని మిగతా ఏడు చోట్లా సున్నాలు నింపుతాం. ఇక్కడే నేను దొరికిపోయాను. కాలేజీ ల్యాబ్‌లో మొదటిసారి ఇది రాసినప్పుడు అంతా సరిగ్గానే వచ్చిందనుకుని విప్పి చూస్తే చివర్లో "కేకికాకకకకకకక" అని వచ్చింది. నిజంగా కాకి అరిచినట్టే ఉంది. పక్కవాడు నవ్వుతుంటే నేను గంటసేపు ట్రీలో తప్పు వెతికాను, తప్పు ట్రీలో లేదు. క కోడ్ 0, నేను నింపినవి ఏడు సున్నాలు, ప్రోగ్రాం తన పని తాను చేసి ఏడు కకారాలు చదివింది.

దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. ఒకటి, ముందే 23 గుర్తులు ఉన్నాయని ఒక బైటులో రాయడం, 49కి ఎనిమిది కలిపితే 57, అంటే ఎనిమిది బైట్లు. రెండోది, "అయిపోయింది" అనే కొత్త గుర్తు ఒకటి పెట్టి, లెక్క 1 ఇచ్చి, దాన్ని కూడా చీటీల్లో కలిపేయడం. ఏడు చీటీలతో మళ్లీ చేసి చూడండి, మొత్తం 55 వస్తుంది, ఇంకా ఏడు బైట్లలోనే సరిపోయింది! పట్టికలో ఒక వరస పెరుగుతుంది, అంతే. డిఫ్లేట్ ఈ రెండో దారిలోనే వెళ్తుంది, 0 నుంచి 255 దాకా బైట్లకి పోగా 256 నంబర్‌ని ముగింపు గుర్తుగా వాడుతుంది.

విప్పడం తేలిక. ఎడమ నుంచి ఒక్కో బిట్ చదవండి, పట్టికలో ఉన్న కోడ్ తగలగానే ఆ గుర్తు రాసి మళ్లీ మొదలుపెట్టండి. 0, క. 1 లేదు, 10 లేదు, 101 ఉంది, దీర్ఘం. 0, క. 1110, గుడిదీర్ఘం. ఎక్కడా అనుమానం రాదు, వెనక్కి వెళ్లే పని ఉండదు. ప్రోగ్రాంలో ఇలా బిట్ బిట్ చదివితే నెమ్మది కాబట్టి ఒక చిట్కా వాడతారు. మన పెద్ద కోడ్ నాలుగు బిట్లు, నాలుగు బిట్లతో పదహారు కలయికలు, కాబట్టి పదహారు గదుల పట్టిక వేయండి. 0000 నుంచి 0111 దాకా ఎనిమిది గదుల్లో "క, 1 బిట్" అని రాయండి, ఖాళీకి రెండు గదులు, దీర్ఘానికి రెండు, గుడికి రెండు, చివరి రెండిటికీ చెరొకటి. నాలుగు బిట్లు తొంగి చూసి, గదిలో ఏముందో రాసుకుని, అక్కడ చెప్పినన్ని బిట్లు మాత్రమే జరగాలి. ఫైలు చివర నాలుగు బిట్లు లేకపోతే సున్నాలు ఉన్నాయనుకుని చూడాలి, ఇది మర్చిపోతే అక్కడ క్రాష్ అవుతుంది. ఎస్‌టీడీ కోడ్ స్థలాల లెక్క ఇక్కడ కళ్లకి కనబడుతుంది: పదహారు గదుల్లో ఎనిమిది క వే.

ప్రోగ్రాం రాసేవాళ్లకి ఇంకొన్ని గోతులు. పైథాన్‌లో చిన్నవాటిని ముందు తీసిచ్చే హీప్‌క్యూ వాడి (లెక్క, నోడ్) అని, అంటే లెక్క, చీటీ అని జతలు వేస్తే రెండు లెక్కలు సమానమైన చోట అది నోడ్లని పోల్చబోయి ఎర్రర్ ఇస్తుంది. మధ్యలో ఒక వరస నంబర్ పెట్టండి, సమస్య పోతుంది. ఫైల్లో ఒకే గుర్తు ఉంటే, ఉదాహరణకి "కకకక", పిన్ను కొట్టడానికి రెండో చీటీయే ఉండదు, కోడ్ పొడవు సున్నా వస్తుంది, దానికి బలవంతంగా ఒక బిట్ ఇవ్వాలి. ఖాళీ ఫైలు కూడా ఇచ్చి చూడండి. లెక్కలు 1, 1, 2, 3, 5, 8 అని ఫిబొనాచీలా పెరిగితే ట్రీ ఒక పక్కకే సాగి కోడ్లు చాలా పొడవైపోతాయి. అందుకే డిఫ్లేట్ 15 బిట్ల దగ్గర, జేపెగ్ 16 దగ్గర హద్దు పెట్టుకున్నాయి. మొదటి ప్రోగ్రాంలో మీరు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

49 కన్నా తగ్గదా? షానన్ 1948లో ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే ఈ సంఖ్యలకి కనీస హద్దు సుమారు 48.5 బిట్లు వస్తుంది. అర బిట్ తేడా. అంటే చీటీల వైపు నుంచి చేయగలిగింది దాదాపు అయిపోయింది. అందరూ ట్రీ గురించే మాట్లాడతారు గానీ, అసలు మార్పు వచ్చేది ఇంకో చోట: మీరు దేన్ని లెక్కపెడుతున్నారు అన్న దగ్గర.

నెట్‌లో దొరికే ప్రోగ్రాంలు ఎక్కువగా బైట్లని లెక్కపెడతాయి. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, అక్షరానికి ఒక బైటే కాబట్టి. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు: క అంటే 224, 176, 149. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. మన వాక్యాన్ని బైట్ల లెక్కన చేస్తే 224 ఇరవై సార్లు, 176 పద్దెనిమిది సార్లు వస్తాయి, అవి వస్తాయని ముందే తెలిసినా ప్రతిసారీ వాటికి బిట్లు కట్టాల్సిందే, ఎందుకంటే హఫ్‌మన్‌లో ఎంత తరచుగా వచ్చే గుర్తుకైనా కనీసం ఒక బిట్ తప్పదు. చీటీలు కట్టి చూశాను, 160 బిట్లు వచ్చింది. ట్రీ తప్పులేదు, ఆ లెక్కలకి అదే అత్యుత్తమం, అయినా 49కి మూడు రెట్లు పైనే. నిజం జిప్‌లో ఇంత ఘోరంగా ఉండదు, అది ముందు "వెనక్కి ఇంత దూరం వెళ్లి ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రిపీట్లు తీసేసి ఆ తర్వాతే హఫ్‌మన్ చేస్తుంది.

ఇంకో వైపు కూడా వెళ్లొచ్చు. మనం బడిలో నేర్చుకున్నట్టు కా, కి, కీ, కే అని గుణింతాలనే ఒక్కో గుర్తుగా తీసుకుంటే? కా 4, కి 3, ఖాళీ 3, క 2, కీ 1, కే 1, మొత్తం 14 గుర్తులే. పిన్నులు కొడితే 2, 4, 6, 8, 14, వెరసి 34 బిట్లు, ఐదు బైట్లు. 160, 49, 34. మూడుసార్లూ అదే వాక్యం, అదే పద్ధతి.

అయితే పట్టిక కూడా పంపాలి కదా. విడి గుర్తులయితే ఆరు, ఒక్కోదాని యూనికోడ్ నంబర్ రెండు బైట్లలో రాస్తాం అనుకుంటే 12 బైట్లు, పొడవులు అదనం. గుణింతాలయితే కా అంటే ఏంటో చెప్పడానికే క, దీర్ఘం రెండూ రాయాలి, మొత్తం పది గుర్తులు, 20 బైట్లు. అసలు డేటాలో రెండు బైట్లు మిగుల్చుకుని పట్టికలో ఎనిమిది పోగొట్టుకున్నాం. ఈ ఒక్క వాక్యానికి 49 బిట్లదే గెలుపు. అదే మూడొందల పేజీల తెలుగు పుస్తకం తీసుకోండి, వత్తులూ గుణింతాలూ అన్నీ కలిపి పట్టిక ఎంత పెద్దదైనా పంపేది ఒక్కసారే, అప్పుడు గుణింతాలదే గెలుపు.